మోడల్ పేపర్లు సగానికి తగ్గించండి: హైస్కూలు ఇంగ్లిష్ ఉపాధ్యాయులకు బహిరంగ లేఖ

హైస్కూళ్లలో ఇంగ్లిష్ బోధిస్తున్న ఉపాధ్యాయులకు, అభ్యాస పుస్తకాలు, నమూనా ప్రశ్నపత్రాలు తయారుచేస్తున్న వారికి,

నమస్కారం.

పరీక్షలు దగ్గరపడే కొద్దీ ఇంగ్లిష్ పీరియడ్ ఒకే తీరుగా నడుస్తుంది. ఒక మోడల్ పేపర్ రాయించడం, కీ చదివి వినిపించడం, మార్కులు వేయించడం, మర్నాడు ఇంకో పేపర్. పిల్లలు చేతులు నొప్పి పుట్టేలా రాస్తారు. అయినా మొదటి పేపర్లో ఆర్టికల్ దగ్గర తప్పిన అబ్బాయి పదో పేపర్లోనూ అక్కడే తప్పుతాడు. ప్యాసేజీ కింద 'ఎందుకు' అని అడిగిన ప్రశ్నను వదిలేసే అమ్మాయి చివరిదాకా వదిలేస్తూనే ఉంటుంది. పేపర్ రాయిస్తే విద్యార్థికి ఏది రాదో తెలుస్తుంది, అంతవరకే. రానిది వచ్చేలా చేయడానికి వేరే పని కావాలి. ఆ పనికే మన టైంటేబుల్లో చోటు దొరకడం లేదు.

మా విన్నపం ఇది. రాయించే పేపర్లను సగానికి తగ్గించండి. అలా మిగిలిన సమయంలో, రాసిన పేపర్లో ప్రతి తప్పూ ఎందుకు వచ్చిందో విద్యార్థి చేతే తేల్పించండి. రీడింగ్‌కి ఒక పుస్తకం, వొకాబులరీకి ఒకటి, గ్రామర్‌కి ఇంకొకటి అని విడగొట్టకుండా మూడింటినీ ఒకే ప్యాసేజీ మీద చేయించండి.

ముందు తప్పుల సంగతి. తప్పుల్లో రెండు రకాలున్నాయని పిట్ కోర్డర్ అనే భాషాశాస్త్రవేత్త 1967లోనే విడమరచి చెప్పారు. తెలిసి కూడా తొందరలోనో అలసటలోనో దొర్లే పొరపాటు మొదటిది. విద్యార్థి మనసులో స్థిరపడ్డ సూత్రమే వేరుగా ఉండటం వల్ల వచ్చేది రెండోది. ఏది ఏ రకమో తేల్చడం సులువే. తప్పున్న లైను పక్కన ఒక గీత పెట్టండి, సరైన జవాబు మాత్రం రాయకండి. విద్యార్థి తనంతట తాను నిమిషంలో దిద్దుకుంటే అది పొరపాటు. దానికి మళ్లీ పాఠం చెప్పనక్కర్లేదు, పేపర్ ఇచ్చే ముందు ఐదు నిమిషాలు సరిచూసుకునే అలవాటు చేయిస్తే చాలు. ఎంత చూసినా ఆ లైనులో తప్పేమిటో కనిపించకపోతే అది రెండో రకం. దాని మీద ఎర్ర ఇంకుతో సరైన జవాబు రాసి ఇచ్చినా ప్రయోజనం ఉండదు. విద్యార్థి ఆ జవాబును చూస్తాడు, తలూపుతాడు, తన సూత్రాన్ని తన దగ్గరే ఉంచుకుంటాడు. మనం ఈ రెండింటికీ ఒకే మందు వేస్తున్నాం.

ఇక ప్యాసేజీ. మాటల్లో చెప్పేకన్నా ఒకటి ఎదుట పెట్టుకుని చూద్దాం. తెలుగు లిపిలో రాస్తున్నాం.

"ది విలేజర్స్ హ్యాడ్ ఆల్వేస్ బిలీవ్డ్ దట్ ది ఓల్డ్ బ్రిడ్జ్ వాజ్ సేఫ్. వెన్ ది ఇంజినీర్ టోల్డ్ దెమ్ దట్ ఇట్ వుడ్ నాట్ సర్వైవ్ అనదర్ ఫ్లడ్, దే వర్ రిలక్టెంట్ టు బిలీవ్ హిమ్. ఓన్లీ వెన్ ఎ క్రాక్ అపియర్డ్ ఇన్ వన్ ఆఫ్ ది పిల్లర్స్ డిడ్ దే అగ్రీ టు క్లోజ్ ఇట్."

ఊరివాళ్లు వంతెన మూసేయడానికి ఎందుకు ఒప్పుకున్నారన్నది ప్రశ్న. నాలుగు ఆప్షన్లు ఇలా ఉన్నాయనుకోండి: ఇంజినీర్ హెచ్చరించాడు కాబట్టి, మళ్లీ వరద వచ్చింది కాబట్టి, వంతెన దెబ్బతిన్న గుర్తు కళ్లారా చూశారు కాబట్టి, పాత వంతెనలన్నీ ప్రమాదకరం కాబట్టి.

జవాబు మూడోది. కీ అక్కడితో ఆగిపోతుంది. అసలు నేర్చుకోవాల్సింది మిగతా మూడింటిలో ఉంది. మొదటి ఆప్షన్ ప్యాసేజీలో ఉన్న విషయమే, ఇంజినీర్ నిజంగానే హెచ్చరించాడు. కానీ ఆ మాటకు వాళ్లు ఒప్పుకోలేదు. ముందు జరిగిందల్లా కారణం అనుకునే విద్యార్థి ఇక్కడ పడిపోతాడు. రెండో దాంట్లో ఫ్లడ్ అనే మాట ఉంది, విషయం మాత్రం లేదు. వరద వస్తే వంతెన నిలవదన్నారే తప్ప వచ్చిందని ఎక్కడా లేదు. వుడ్ నాట్ సర్వైవ్ అన్న క్రియను సరిగా చదవని విద్యార్థి దీన్ని ఎంచుకుంటాడు, అంటే ఇది చూడ్డానికి రీడింగ్ తప్పులా ఉన్నా నిజానికి గ్రామర్ తప్పు. నాలుగోది లోకంలో కొంతవరకు నిజం కావచ్చు, ప్యాసేజీ ఆ మాట అనలేదు. పైగా 'అన్నీ' అనే మాట తగిలించారు. ఆల్, నెవర్, ఆల్వేస్, ఓన్లీ లాంటి మాటలున్న ఆప్షన్ కనిపిస్తే, అంత గట్టిగా ప్యాసేజీ కూడా అందా లేదా అని వెనక్కి వెళ్లి చూసుకోవాలి. అన్న సందర్భాలూ ఉంటాయి గనుక ఆ మాట ఉన్నంత మాత్రాన కొట్టేయమని నేర్పకండి.

సరైన ఆప్షన్‌లో క్రాక్, పిల్లర్ అన్న మాటలే లేవు. మంచి ప్రశ్నపత్రాల్లో చాలాసార్లు ఇలాగే ఉంటుంది. సరైన జవాబును వేరే మాటల్లో చెబుతారు, తప్పు జవాబుల్లో ప్యాసేజీ మాటల్ని యథాతథంగా పెడతారు. మాట కలిసిందని టిక్ పెట్టే విద్యార్థికి ఇది తెలియకపోతే ఎన్ని పేపర్లు రాసినా అదే మార్కు.

కాబట్టి ప్రతి తప్పు ఆప్షన్ పక్కన విద్యార్థి ఒక మాట రాయాలి: 'ఉంది, కానీ ఈ ప్రశ్నకు కాదు', 'మాట ఉంది, విషయం లేదు', 'లోకంలో నిజం, ఇక్కడ లేదు', 'అతి'. ఈ నాలుగు పేర్లు చాలు. రెండు వారాలు ఇలా చేశాక తర్వాతి మెట్టు ఎక్కించండి. ప్రశ్న, సరైన జవాబు మీరివ్వండి, మూడు తప్పు ఆప్షన్లను పిల్లల చేత రాయించండి. పక్కవాణ్ని బోల్తా కొట్టించే ఆప్షన్ రాయగలిగిన విద్యార్థి తాను బోల్తా పడటం తగ్గుతుంది. మేం ఎరిగిన అభ్యాసాల్లో తక్కువ ఖర్చుతో ఎక్కువ ఫలితం ఇచ్చేది ఇదే.

సర్వనామాల పని కూడా ఈ ప్యాసేజీలోనే ఉంది. చివరి ఇట్ దేన్ని సూచిస్తుంది? దగ్గర్లో ఉన్న పేరుని (నామవాచకాన్ని) పట్టుకునే అలవాటున్నవాళ్లు పిల్లర్స్ అనో క్రాక్ అనో అంటారు. పిల్లర్స్ బహువచనం కాబట్టి ఇట్‌కి కుదరదు, ఇక క్రాక్ మిగులుతుంది. పగులును మూసేయడానికి ఊరివాళ్లు ఒప్పుకోవడమేమిటి అని అర్థం దగ్గరకు వెళ్తే బ్రిడ్జ్ తేలుతుంది. పెన్సిల్‌తో ఇట్ నుంచి బ్రిడ్జ్‌కి, దే నుంచి విలేజర్స్‌కి, హిమ్ నుంచి ఇంజినీర్‌కి గీతలు గీయించండి. మూడు నిమిషాల పని. ముందు వచనం, తర్వాత అర్థం చూడాలన్న క్రమం ఆ గీతల్లోనే అలవాటవుతుంది.

ముందు ప్రశ్నలు చదవాలా, ప్యాసేజీ చదవాలా అని పిల్లలు అడుగుతుంటారు. ప్రశ్నలు మాత్రం ముందు చదవమనండి, ఆప్షన్లు వద్దు. ప్యాసేజీ చదవకముందే ఆప్షన్లు చూస్తే మూడు అబద్ధాలు బుర్రలో పెట్టుకుని చదవడం మొదలవుతుంది. 200 మాటల ప్యాసేజీ, ఐదు ప్రశ్నలకు పన్నెండు నిమిషాలు ఉన్నాయనుకుంటే ప్రశ్నలు చూడటానికి ఒక నిమిషం, ఎక్కడా ఆగకుండా ఒకసారి చదవడానికి మూడు నిమిషాలు, ఒక్కో ప్రశ్నకు వెనక్కి వెళ్లి ఆ లైను పట్టుకోవడానికి ఏడు నిమిషాలు, సరిచూసుకోవడానికి చివరి నిమిషం. జవాబు దొరికిన లైను కింద ప్రశ్న నంబరు వేయాలన్న నియమం పెట్టండి. లైను చూపించలేని జవాబు సరైనదైనా దాన్ని ఊహ కిందే లెక్కించండి.

రాత జవాబుల్లో వచ్చే తప్పు వేరు. లైను దొరుకుతుంది, దాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి రాస్తారు. 'ఎందుకు' అన్న ప్రశ్నకు బికాజ్ ఉండదు, ఇట్, దే అలాగే ఉండిపోతాయి, అవి ఎవరో మూల్యాంకనం చేసేవారికి తెలియదు. ప్రశ్నలోని మాటలతో జవాబు మొదలుపెట్టడం, మొదటి సర్వనామం బదులు పేరు రాయడం, ప్రశ్న ఏ కాలంలో ఉంటే ఆ కాలంలోనే జవాబు ఇవ్వడం. ఈ మూడూ సరిచూసుకుంటే చాలావరకు సరిపోతుంది.

తరగతిలో ఒక్కొక్కరి చేత ఒక్కో వాక్యం పైకి చదివించే పద్ధతిని కాంప్రహెన్షన్ అభ్యాసంగా లెక్క వేయకండి. తన వంతు ఏ వాక్యమో లెక్కపెట్టుకుంటున్న విద్యార్థికి ముందు వాక్యమూ అర్థం కాదు, తర్వాతదీ వినపడదు. ఉచ్చారణకు అది పనికొస్తే రావచ్చు. పరీక్షలో చదవాల్సింది మనసులో.

ప్యాసేజీ ఎంత కష్టంగా ఉండాలన్న దానికీ ఒక కొలత ఉంది. హు, నేషన్ అనే పరిశోధకులు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, చాలామందికి ఎవరి సాయమూ లేకుండా పాఠం సరిగా అర్థం కావాలంటే నూటికి 98 మాటలు తెలిసి ఉండాలి. అంటే 150 మాటల ప్యాసేజీలో తెలియనివి మూడు. పదిహేను మాటలు తెలియకపోతే అక్కడ జరిగేది రీడింగ్ అభ్యాసం కాదు, డిక్షనరీ పని. పరీక్షలో కష్టమైన ప్యాసేజీ వస్తుందని రోజూ కష్టమైనవే చేయిస్తే పిల్లలకు వేగం రాదు, మాట మాటకీ తెలుగు అర్థం పైన రాసుకునే అలవాటు మాత్రం బలపడుతుంది. వారంలో రెండు రోజులు తేలికైనవి, గడియారం పెట్టుకుని చదివించండి. మొత్తం మాటల్ని పట్టిన నిమిషాలతో భాగించి అంకె నోట్ చేయించండి. ఒక రోజు కష్టమైనది తీసుకుని, నెమ్మదిగా, వాక్యం వాక్యంగా విడదీయించండి.

వాక్యం విడదీయడంలో తెలుగు పిల్లలకు ప్రత్యేకంగా వచ్చే చిక్కు ఒకటుంది. మన భాషలో క్రియ చివర వస్తుంది, విశేషణ వాక్యం పేరుకు ముందే వచ్చేస్తుంది: 'నిన్న వచ్చిన అబ్బాయి'. ఇంగ్లిష్‌లో అది పేరు తర్వాత వస్తుంది: ది బాయ్ హూ కేమ్ యెస్టర్డే. అందుకే 'ది బుక్స్ దట్ మై బ్రదర్ బాట్ లాస్ట్ ఇయర్ ఆర్ మిస్సింగ్' అన్న వాక్యంలో తప్పిపోయింది ఎవరంటే బ్రదర్ అనేవాళ్లుంటారు. అసలు క్రియ ఆర్ మిస్సింగ్. దాని కర్త ఎక్కడో వెనక ఉన్న బుక్స్. హూ, విచ్, దట్ కనిపించగానే బ్రాకెట్ తెరిచి, ఆ ముక్క అయిపోయిన చోట మూయించండి. బ్రాకెట్ బయట మిగిలింది చదివితే వాక్యం తేలిపోతుంది. కర్తకూ క్రియకూ పొత్తు అడిగే గ్రామర్ బిట్‌కీ ఇదే బ్రాకెట్ పనిచేస్తుంది. 'ది క్వాలిటీ ఆఫ్ ది మ్యాంగోస్' తర్వాత ఆర్ పెట్టేవాళ్లు దగ్గర్లో ఉన్న మ్యాంగోస్‌ని చూసి పెడతారు. ఆఫ్ నుంచి బ్రాకెట్ వేయిస్తే క్వాలిటీ ఈజ్ అని వాళ్లే అంటారు.

వొకాబులరీకి వద్దాం. ఇరవై మాటల లిస్టు ఇచ్చి, మర్నాడు డిక్టేషన్ పెట్టే పద్ధతి వల్ల స్పెల్లింగ్ కొంత వస్తుంది. ప్యాసేజీలోంచి అడిగే ప్రశ్నకు అది సరిపోదు, ఎందుకంటే అక్కడ అడిగేది డిక్షనరీ అర్థం కాదు, ఆ చోట ఉన్న అర్థం. ఆప్షన్లలో బాగా తెలిసిన అర్థాన్ని ఎరగా పెడతారు. అడ్రెస్ అంటే చిరునామా అని తెలిసినవాడు 'షి అడ్రెస్డ్ ది క్రౌడ్' దగ్గర తప్పుతాడు. తెలుగులో మనం రోజూ వాడుకునే ఇంగ్లిష్ మాటలు ఇంకా ప్రమాదం. కరెంట్ అంటే మనకు విద్యుత్తు, 'కరెంట్ ఇష్యూస్'లో అది 'ఇప్పటి' అని అర్థం. డౌట్ అంటే మనకు అడగాల్సిన ప్రశ్న, ఇంగ్లిష్‌లో నమ్మకం లేకపోవడం. తెలిసిన మాటే అనుకుని దాటేస్తారు గనుక ఇక్కడ పోయిన మార్కు ఎందుకు పోయిందో కూడా తెలియదు. ఇలాంటి మాటలకు విడిగా ఒక పేజీ పెట్టించండి.

మన ప్యాసేజీలో రిలక్టెంట్ తెలియదనుకుందాం. చుట్టూ చూస్తే ముందు వాక్యంలో వంతెన భద్రమని ఎప్పటినుంచో నమ్ముతున్నారు, తర్వాతి వాక్యంలో ఓన్లీ వెన్ అంటూ ఆలస్యంగా ఒప్పుకున్నారు. కాబట్టి ఇది 'ఇష్టపడని' అన్న వైపు మాట. బట్, హౌఎవర్, అన్‌లైక్ ఉంటే వ్యతిరేకార్థం కోసం చూడాలి. దట్ ఈజ్, లేదా కామా తర్వాత ఆర్ ఉంటే పక్కనే వివరణ ఉంటుంది. సచ్ యాజ్ ఉంటే ఉదాహరణలున్నాయి. అర్థం అచ్చంగా దొరకకపోయినా మంచివైపా చెడువైపా అన్నది తేలితే నాలుగు ఆప్షన్లలో రెండు పోతాయి.

ఒక్కో ప్యాసేజీకి ఆరు నుంచి ఎనిమిది మాటలు రాయిస్తే చాలు. తెలియని మాటలన్నీ సమానం కావు. మైకేల్ వెస్ట్ అనే ఇంగ్లిష్ బోధకుడు 1953లో ప్రచురించిన, తరచుగా వాడే ఇంగ్లిష్ మాటల జాబితాలో సుమారు 2,000 పద కుటుంబాలే (ఒకే మూలమాట రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) ఉన్నాయి, మామూలు ఇంగ్లిష్ రాతలో అధిక భాగం వాటితోనే నడుస్తుంది. అలా మళ్లీ మళ్లీ ఎదురయ్యే మాటలకే నోట్‌బుక్‌లో చోటివ్వాలి. మాట పక్కన ఒక్క తెలుగు అర్థంతో ఆపొద్దు. అది వచ్చిన వాక్యం, దాని కుటుంబం (రిలక్టెంట్, రిలక్టెంట్లీ, రిలక్టెన్స్), దాని తర్వాత ఏమొస్తుంది (టు, ఆపైన క్రియ) రాయాలి. సర్వైవ్ పక్కన 'నేరుగా పేరు వస్తుంది, ఫ్రమ్ రాదు' అని ఉండాలి. కుటుంబం తెలిస్తే సరైన రూపం రాయమనే బిట్ వచ్చేస్తుంది. ఖాళీకి ముందు ది, వెనక ఆఫ్ ఉంటే సాధారణంగా పేరు కావాలి. బీ క్రియ తర్వాత వెరీ ఉంటే విశేషణం. రూపం ఎంచుకోవడానికి ముందు చోటు చూడమనండి.

కొత్తగా నేర్చుకునేటప్పుడు వ్యతిరేక పదాల్ని జంటగా ఇవ్వకండి. బారో, లెండ్ ఒకే రోజు నేర్చుకున్న విద్యార్థికి రెండూ గుర్తుంటాయి, ఏది ఏదో గుర్తుండదు. ఒకటి గట్టిపడ్డాక రెండు వారాల తర్వాత రెండోది. పుస్తకాలు చేసేవారు ఈ విషయం మరీ గమనించాలి, ఎందుకంటే జంటల పట్టికలు వాళ్లే అచ్చు వేస్తున్నారు. పునశ్చరణకు పట్టికలు సరే, మొదటిసారి నేర్పడానికి కావు.

ఆ నోట్‌బుక్‌ను మళ్లీ మళ్లీ చదవడం వల్ల వచ్చింది అన్న భరోసా వస్తుంది, మాట రాదు. రోడిగర్, కార్పికే అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో ప్రచురించిన ప్రయోగాల్లో పాఠాన్ని మళ్లీ చదివినవారు ఐదు నిమిషాల తర్వాత పెట్టిన పరీక్షలో ముందున్నారు. వారం తర్వాత చూస్తే, చూడకుండా గుర్తుచేసుకుని రాసినవారే ముందున్నారు. అందుకే అర్థం వైపు మూసి కాదు, మాట వైపు మూసి, వాక్యంలో ఖాళీ పెట్టి మాట రాయించాలి. మర్నాడు, నాలుగో రోజు, వారానికి, నెలకు. నాలుగు సార్లు. మధ్యలో తప్పితే మళ్లీ మొదటినుంచి.

రీడింగ్, వొకాబులరీ, గ్రామర్ మూడూ ఒకేసారి పరీక్షించే సాధనం ఒకటుంది, తయారుచేయడానికి ఖర్చు లేదు. అది విల్సన్ టేలర్ అనే పరిశోధకుడు 1953లో ప్రతిపాదించిన క్లోజ్ పద్ధతి, అంటే పేరాలో మాటలు తీసేసి ఆ ఖాళీలు పూరించమనడం. అయిపోయిన పాఠంలోని పేరా తీసుకోండి. మొదటి వాక్యం, చివరి వాక్యం వదిలేసి, మధ్యలో ప్రతి ఏడో మాటా తీసేయండి. పూరించాక తప్పిన ఖాళీలు చూడండి. ఎ, ది, ఇన్, హ్యాజ్ లాంటి చిన్న మాటలు తప్పితే గ్రామర్ దగ్గర లోపం. పేర్లు, విశేషణాలు తప్పితే మాటలు చాలడం లేదు. వాక్యంలో అమరుతుంది గానీ పేరాలో అర్థం చెడుతుందంటే వాక్యాన్ని దాటి చదవడం లేదన్నమాట. ఎవరికి ఏ పని ఇవ్వాలో పదిహేను నిమిషాల్లో తెలిసిపోతుంది.

గ్రామర్ గురించే మేం ఎక్కువ చెప్పదలచుకున్నాం. పిల్లలు చేసే చాలా తప్పులకు మూలం వాళ్ల అజాగ్రత్తలో లేదు, తెలుగులో ఉంది. తెలుగులో ఒకటిగా ఉన్నది ఇంగ్లిష్‌లో రెండుగా చీలిన ప్రతిచోటా తప్పు వస్తుంది. ఆ చీలిక ఎక్కడుందో చూపిస్తే సూత్రం బట్టీ పట్టాల్సిన పని చాలావరకు తప్పుతుంది.

'రెండేళ్ల నుంచి', '2019 నుంచి'. రెంటికీ మనకు 'నుంచి' ఒకటే. ఇంగ్లిష్‌లో మొదటిది ఫర్, రెండోది సిన్స్. ఎంతకాలం అన్నదానికి జవాబైతే ఫర్, ఎప్పుడు మొదలైంది అన్నదానికైతే సిన్స్. అంతటితో అయిపోలేదు. 'రెండేళ్ల నుంచి పనిచేస్తున్నాడు' అన్నప్పుడు మన క్రియ 'చేస్తున్నాడు', అచ్చంగా వర్తమానం. దాన్ని అలాగే దించితే 'హీ ఈజ్ వర్కింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అవుతుంది, ఒకే వాక్యంలో రెండు తప్పులు. 'హీ హ్యాజ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్' అనాలి. ఫర్, సిన్స్ ఇచ్చి క్రియ అడిగితే హ్యాజ్, హ్యావ్ వైపు చూడాలన్నది ఇక్కడినుంచి వస్తుంది.

'చూశాను' అన్న ఒక్క రూపం ఇంగ్లిష్‌లో సా కావచ్చు, హ్యావ్ సీన్ కావచ్చు. తేల్చేది అర్థం కాదు, వాక్యంలోని కాలసూచన. యెస్టర్డే, లాస్ట్ వీక్, ఇన్ 2015, టూ డేస్ అగో ఉంటే సా. 'ఐ హ్యావ్ సీన్ హిమ్ యెస్టర్డే' తప్పు. జస్ట్, ఆల్రెడీ, యెట్, ఎవర్ ఉంటే పరీక్షలో అడిగేది దాదాపు ఎప్పుడూ హ్యావ్ రూపమే. బిట్ చదవగానే కాలం చెప్పే మాటకు సున్నా చుట్టించండి, ఆ తర్వాతే క్రియ.

రిపోర్టెడ్ స్పీచ్‌లో పిల్లలు ఎందుకు అంత తడబడతారో తెలుగు 'అని' చూస్తే అర్థమవుతుంది. 'రేపు వస్తానని అన్నాడు' అంటాం. వచ్చేది అతనే, అయినా 'వస్తాను' అని అతని మాటనే ఉంచుతాం, పురుష మారదు, కాలం మారదు. అదే ఇంగ్లిష్‌లోకి దిగి 'హీ సెడ్ దట్ ఐ విల్ కమ్ టుమారో' అవుతుంది. మారాల్సినవి మూడు: మనిషి, క్రియ, రోజు. 'హీ సెడ్ దట్ హీ వుడ్ కమ్ ది నెక్స్ట్ డే'. మన ప్యాసేజీలో ఇట్ వుడ్ నాట్ సర్వైవ్ దగ్గర ఇంజినీర్ నోటి మాట ఏమై ఉంటుందో రాయమనండి. 'ఇట్ విల్ నాట్ సర్వైవ్ అనదర్ ఫ్లడ్'. పరోక్షం నుంచి ప్రత్యక్షానికి ఇలా వెనక్కి నడిపిస్తే మార్పు ఎక్కడ జరిగిందో పిల్లలకే కనిపిస్తుంది. ప్రశ్నను రిపోర్ట్ చేసేటప్పుడు వరస కూడా మారుతుంది. మనకు ప్రశ్నకైనా మామూలు వాక్యానికైనా వరస ఒకటే గనుక 'హీ ఆస్క్డ్ మీ వేర్ వాజ్ ఐ గోయింగ్' అని వదిలేస్తారు. 'వేర్ ఐ వాజ్ గోయింగ్' అనాలి.

'కదా' మనకు ఒక్కటే, ఇంగ్లిష్ క్వశ్చన్ ట్యాగ్ వాక్యానికొకటి. 'వర్షం వస్తే' అన్నప్పుడు 'తే'లో కాలం లేదు, అందుకని ఇఫ్ పక్కన విల్ పెట్టేస్తారు. 'సలహాలు' మనకు బహువచనం, అడ్వైస్‌కి బహువచనం లేదు. 'వార్తలు' బహువచనం, న్యూస్ ఏకవచనం. 'కి' (లేదా 'కు') అన్న ఒక్క ప్రత్యయం టు, ఫర్, యట్ మూడింటికీ సరిపోతుంది: బడికి, నీకు (నీ కోసం అన్న అర్థంలో), ఐదింటికి. 'చర్చించు'కి 'గురించి' కలుపుతాం గనుక డిస్కస్ అబౌట్ వస్తుంది.

ప్యాసివ్ వాయిస్‌లో అందరూ మూడో రూపం దగ్గరే ఆగిపోతారు. నిజానికి తప్పేది బీ క్రియ కాలం. 'రోట్' ఉంటే 'వాజ్ రిటెన్', 'రైట్స్' ఉంటే 'ఈజ్ రిటెన్', 'ఈజ్ రైటింగ్' ఉంటే 'ఈజ్ బీయింగ్ రిటెన్'. ముందు కర్మ ఉందో లేదో చూడాలి. అపియర్డ్, హ్యాపెన్డ్ లాంటి వాటికి కర్మ లేదు కాబట్టి 'ఎ క్రాక్ వాజ్ అపియర్డ్' అనడానికి వీల్లేదు.

ఆర్టికల్స్ మనకు అసలే లేవు. రెండు ప్రశ్నలు చాలు: లెక్కపెట్టగలమా? ఏదో వినేవాడికి తెలుసా? తెలిస్తే ది. తెలియక, లెక్కపెట్టగలిగి, ఒకటే అయితే ఎ లేదా యాన్. ఈ రెండింటిలో ఏదన్నది అక్షరాన్ని బట్టి కాదు, ధ్వనిని బట్టి. మాటను తెలుగు లిపిలో రాసి చూడమనండి. అవర్ అచ్చుతో మొదలైంది, యాన్ అవర్. యూనివర్సిటీ 'య'తో మొదలైంది, ఎ యూనివర్సిటీ. ఎమ్మెల్యే, యాన్ ఎమ్మెల్యే. ఒక్క జాగ్రత్త: మన నోట ఎగ్ 'యెగ్' అవుతుంది, ఓల్డ్ 'వోల్డ్' అవుతుంది. ఆ ఉచ్చారణను నమ్ముకుంటే ఎ పెట్టేస్తారు. యాన్ ఎగ్, యాన్ ఓల్డ్ మ్యాన్ అని పైకి చెప్పించాల్సింది ఇలాంటి మాటల్నే.

పుస్తకాలు తయారుచేసేవారికి మూడు మాటలు. ప్యాసివ్ పేజీలో ఇరవై ప్యాసివ్‌లు ఉంటే విద్యార్థి చదవకుండానే మార్చేస్తాడు. పరీక్షలో అది ఏ అంశమో చెప్పే శీర్షిక ఉండదు. నేర్పిన మొదటి రోజు ఒకే రకం సరే, తర్వాత నాలుగైదు అంశాలు కలిపి ఇవ్వండి. రెండోది, 'హీ డాష్ టు స్కూల్' లాంటి ఖాళీలు వేయకండి. గోస్ కుదురుతుంది, వెంట్ కుదురుతుంది, కీలో ఒకటే ఉంటుంది, సరిగా ఆలోచించిన పిల్లవాడు నష్టపోతాడు. కాలం చెప్పే మాట ఒకటి వాక్యంలో ఉండి తీరాలి. మూడోది, కీలో సరైన అక్షరంతో పాటు మిగతా మూడూ ఎందుకు కావో ఒక్కో లైను అచ్చు వేయండి. పేజీలు పెరుగుతాయి, నిజమే. ప్రశ్నలు తగ్గించి సర్దండి.

అరవై మంది ఉన్న తరగతిలో ఇదంతా ఎలా అని అడుగుతారు. ఉపాధ్యాయుడు అరవై పేపర్లూ దిద్దితే కుదరదు, దిద్దాల్సిన పనీ లేదు. పేపర్ రాసిన మర్నాడు 45 నిమిషాల పీరియడ్ ఇలా నడపండి. ఏ ప్రశ్నలు తప్పో మాత్రం చెప్పండి, జవాబులు చెప్పకండి. పది నిమిషాలు ఎవరికి వారు మళ్లీ ప్రయత్నిస్తారు. పొరపాట్లన్నీ అక్కడే రాలిపోతాయి. పదిహేను నిమిషాలు ఇద్దరిద్దరు కూర్చుని మిగిలిన తప్పులకు కారణం రాస్తారు: లైను దొరకలేదు, మాట తెలియదు, కాలసూచన చూడలేదు, తెలుగులోంచి దించాను. తర్వాత చేతులెత్తించి, ఎక్కువమందికి తప్పిన మూడు ప్రశ్నలే బోర్డు మీద తీసుకోండి, పదిహేను నిమిషాలు. చివరి ఐదు నిమిషాల్లో ఒక్కొక్కరూ తమ తప్పుల పుస్తకంలో ప్రశ్న, తన జవాబు, సరైన జవాబు, కారణం రాసుకుంటారు. మంచి విద్యార్థి పక్కన వెనకబడిన విద్యార్థిని కూర్చోబెడితే రాసేదంతా మంచి విద్యార్థే రాస్తాడు. కారణం చెప్పేది ఒకరు, రాసేది ఇంకొకరు అని పంచండి, వెనకబడినవారు చెప్పే వంతు తీసుకోవాలి.

తప్పుల పుస్తకంలోని ప్రశ్నను వారం తర్వాత, మూడు వారాల తర్వాత మళ్లీ అడగాలి, వాక్యం మార్చి. రెండుసార్లూ సరిగా వస్తే కొట్టేయనివ్వండి. పరీక్షకు ముందు చివరి పది రోజులు కొత్త పేపర్లు పూర్తిగా ఆపేసి, కొట్టేయకుండా మిగిలినవాటినే చేయించండి. వచ్చే మోడల్ పేపర్‌తోనే మొదలుపెట్టమని కోరుతున్నాం. ఆ రోజు కీ మీ దగ్గరే ఉంచుకోండి, మర్నాటి పీరియడ్ దాకా ఇవ్వకండి.

ఇట్లు,
ఇంగ్లిష్ బోధనలో ఉన్న మీ తోటి ఉపాధ్యాయులు